ప్రీఆంప్ కొనాలా, డాక్‌లోని డిజిటల్ వాల్యూమే చాలా?

కంప్యూటర్‌నో స్ట్రీమర్‌నో ఆధారం చేసుకుని, దాని వెనుక ఒక డాక్‌ను (డిజిటల్ పాటను అనలాగ్ విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టె), స్పీకర్లను నడిపే పవర్ ఆంప్లిఫయర్‌ను, రెండు మంచి స్పీకర్లను సమకూర్చుకునేవారికి ఏదో ఒక దశలో ఈ సందేహం వస్తుంది: వాల్యూమ్ తగ్గించుకునే సౌకర్యం డాక్‌లోనే ఉన్నప్పుడు, దానికీ పవర్ ఆంప్‌కూ నడుమ విడిగా ఒక ప్రీఆంప్ (సంకేతాన్ని ఎంచుకుని, దాని స్థాయిని సరిచేసే పెట్టె) ఎందుకు? తిరుపతిలోనో చిత్తూరులోనో ఉన్నవారికి ఈ సందేహం తీర్చుకోవడం మరికొంచెం కష్టం. రెండు ప్రీఆంప్‌లను పక్కపక్కన పెట్టి తీరిగ్గా వినిపించే దుకాణం దగ్గరలో దొరకడం అరుదు. చెన్నై రిచీ స్ట్రీట్‌కో బెంగళూరు ఎస్పీ రోడ్డుకో వెళితే బోర్డులు, కేబుళ్లు, విడిభాగాలు దొరుకుతాయి గాని, ఆ రద్దీలో కూర్చోబెట్టి వినిపించే తీరిక ఎవరికీ ఉండదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, నచ్చకపోయినప్పుడు ఆ బరువైన పెట్టెను తిరిగి పంపడం మరొక శ్రమ. అందువల్ల చెవితో తేల్చుకోవలసిన విషయంలో ఎక్కువ భాగాన్ని ముందే కాగితం మీద లెక్కతో తేల్చుకోవడం మంచిది. ఈ విషయంలో ఆ లెక్క సాధ్యమే. పదో తరగతి గణితం దాటదు కూడా.

డిజిటల్ వాల్యూమ్ గొప్పదా, అనలాగ్ వాల్యూమ్ గొప్పదా అన్న వాదనకు నేను రెండో స్థానమే ఇస్తాను. డాక్ ఇచ్చే వోల్టేజీ ఎంత, పవర్ ఆంప్‌కు కావలసిన వోల్టేజీ ఎంత, ఆ రెండింటికీ పొంతన కుదిరిందా లేదా అన్నది మొదటి ప్రశ్న. ఈ పొంతన కుదిరిన ఇంట్లో డిజిటల్ వాల్యూమ్ నిశ్చింతగా పనిచేస్తుంది. కుదరని ఇంట్లో ఎంత ఖరీదైన ప్రీఆంప్ తెచ్చిపెట్టినా ఇబ్బంది రూపం మారుతుందే తప్ప పోదు.

ప్రీఆంప్ ఏ పనికి పుట్టింది

గ్రామఫోన్ రికార్డుల కాలంలో మూవింగ్ మ్యాగ్నెట్ కాట్రిడ్జ్ (రికార్డు గాడిని చదివే సూది ఉన్న భాగం) నుంచి వచ్చే సంకేతం సుమారు 5 మిల్లీవోల్టులు మాత్రమే. పైగా రికార్డు మీద గాడి కోసేటప్పుడు మంద్ర ధ్వనులను తగ్గించి, తార స్థాయి ధ్వనులను పెంచి కోస్తారు గనుక, వినేటప్పుడు దానిని తిరిగి సరిచేసే ఆర్‌ఐఏఏ సవరణ కూడా కావాలి. ఈ ప్రమాణం 1954 నాటిది. రేడియో ట్యూనర్లు, టేప్ డెక్కులు ఇచ్చేది కొన్ని వందల మిల్లీవోల్టులు. ఇన్ని రకాల బలహీనమైన సంకేతాలను ఒకచోట చేర్చి, అందులో ఒకదానిని ఎంచుకుని, పవర్ ఆంప్‌ను నడపగల స్థాయికి పెంచే యంత్రం లేనిదే ఆ రోజుల్లో పాట వినడం కుదిరేది కాదు.

1982లో సీడీ వచ్చాక పరిస్థితి తలకిందులైంది. సీడీ ప్లేయర్ల పూర్తి స్థాయి ఔట్‌పుట్ సుమారు 2 వోల్టులుగా స్థిరపడింది. నేటి డాక్‌లు ఆర్‌సీఏ సాకెట్ల నుంచి అదే 2 వోల్టులు, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ల నుంచి సాధారణంగా 4 వోల్టులు ఇస్తాయి. అంటే పెంచవలసిన అవసరం పోయి, తగ్గించవలసిన అవసరం వచ్చింది. ప్రీఆంప్‌కు ఇక మిగిలిన పనులు నాలుగైదు సాధనాల్లో ఒకదానిని ఎంచుకోవడం, వాల్యూమ్, పొడవైన కేబుల్‌ను తట్టుకునే బలమైన ఔట్‌పుట్, కావాలనుకునేవారికి బాస్, ట్రెబుల్. వీటిలో మీకు నిజంగా ఎన్ని కావాలో చూసుకోవాలి.

ముందు మీ ఇంటి లెక్క

ఒక సాధారణమైన ఉదాహరణ తీసుకుందాం. 8 ఓమ్‌ల స్పీకరుకు 50 వాట్లు ఇచ్చే పవర్ ఆంప్ ఉన్నది. 50 వాట్లు అంటే ఆ స్పీకరు దగ్గర 20 వోల్టులు. ఆంప్ గెయిన్, అంటే సంకేతాన్ని అది పెంచే మోతాదు, 29 డెసిబెల్‌లు, అంటే సుమారు 28 రెట్లు అనుకుంటే (డెసిబెల్‌ల లెక్కలో వోల్టేజీ రెట్టింపైతే సుమారు 6, పది రెట్లైతే 20), దానిని పూర్తి శక్తికి తీసుకువెళ్లడానికి ముందువైపు 0.71 వోల్టులు చాలు. డాక్ ఇచ్చేది 2 వోల్టులు. అప్పటికే 9 డెసిబెల్‌లు అదనం. ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి 4 వోల్టులు పంపితే 15 డెసిబెల్‌లు అదనం.

ఇది ఆంప్ గరిష్ఠ శక్తి మాట. మనం రోజూ వినేది అందులో ఏ మూలకో సరిపోతుంది. స్పీకరు సున్నితత్వం 87 డెసిబెల్‌లు, అంటే 2.83 వోల్టులిస్తే 1 మీటరు దూరంలో 87 డెసిబెల్‌ల ధ్వని ఇచ్చేది అనుకుందాం. అదే దూరంలో సగటున 80 డెసిబెల్‌లు, అంటే అపార్ట్‌మెంట్ హాలులో కాస్త గట్టిగానే, వినాలంటే స్పీకరుకు సుమారు 1.26 వోల్టులు కావాలి. ఆంప్ ముందువైపు అది 45 మిల్లీవోల్టులకు సమానం. 2 వోల్టులతో పోలిస్తే ఇది 33 డెసిబెల్‌లు కింద ఉన్నట్టు. సంగీతపు సగటు స్థాయి దాని గరిష్ఠ స్థాయి కంటే ఓ 15 డెసిబెల్‌లు కిందనే ఉంటుంది గనుక, అంతా కలిపి చూస్తే డాక్ తెర మీద వాల్యూమ్ మైనస్ 18 ప్రాంతంలో, అంటే పూర్తి స్థాయికి 18 డెసిబెల్‌లు కింద, నిలుస్తుంది. రాత్రి పదిన్నర దాటి, పక్క గదిలో పిల్లలు పడుకున్నాక అదే మైనస్ 35కు చేరుతుంది.

మీ సామాను అంకెలతో ఈ లెక్క ఒకసారి వేసుకోండి. పగలు వినే స్థాయి మైనస్ 10కీ మైనస్ 25కీ మధ్య వస్తే పొంతన బాగున్నట్టే. మైనస్ 40 దాటితే తప్ప వినలేకపోతున్నామంటే గెయిన్ మితిమీరి ఉన్నదని అర్థం. మిద్దె మీది ట్యాంకు మరీ ఎత్తున ఉంటే, కొళాయిని వెంట్రుకవాసి తిప్పగానే నీళ్లు చిమ్మినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. అప్పుడు మార్చవలసింది ట్యాంకు ఎత్తును గాని కొళాయిని కాదు. ఆ ఎత్తు తగ్గించే మార్గాలు కొన్ని ప్రీఆంప్ కంటే చాలా చౌక. ఎక్స్‌ఎల్‌ఆర్ బదులు ఆర్‌సీఏ ఔట్‌పుట్ వాడవచ్చు. పవర్ ఆంప్‌లో గెయిన్ స్విచ్ ఉంటే తక్కువకు మార్చుకోవచ్చు. లేదా కేబుల్ కొసన తగిలించే 10 డెసిబెల్‌ల అటెన్యుయేటర్ జత తెచ్చుకోవచ్చు. చివరిది నిరోధకాలతో చేసిన చిన్న గొట్టం మాత్రమే. దానికి కరెంటు అక్కర్లేదు, పాడయ్యేదీ పెద్దగా ఉండదు, పైగా అది డాక్ నుంచి వచ్చే రొదను కూడా సంగీతంతో పాటే 10 డెసిబెల్‌లు అణచివేస్తుంది. కొన్ని డాక్‌ల లోపలే ఈ ఏర్పాటు ఉంటుంది. బెంచ్‌మార్క్ డాక్‌3లో ఎక్స్‌ఎల్‌ఆర్ ఔట్‌పుట్‌ను 10 లేదా 20 డెసిబెల్‌లు తగ్గించే జంపర్లు (స్థానం మార్చి పెట్టే చిన్న తగిలింపులు) ఉన్నాయి. ఆర్‌ఎంఈ ఏడీఐ-2 డాక్‌లో అనలాగ్ ఔట్‌పుట్‌కు 6 డెసిబెల్‌ల తేడాతో నాలుగు స్థాయిలుండి, మనం డిజిటల్ వాల్యూమ్ తిప్పుతూ పోతే అవే తగినట్టు మారిపోయే సదుపాయం ఉంది. రెండు పద్ధతుల మంచినీ కలిపిన ఇటువంటి అమరిక నా దృష్టిలో విడి ప్రీఆంప్ కంటే తెలివైనది.

డిజిటల్ వాల్యూమ్ మీద ఉన్న అపవాదు

‘వాల్యూమ్ తగ్గిస్తే బిట్లు పోతాయి’ అన్న మాట తరచు వినిపిస్తుంది. ఇది ఒకప్పుడు నిజం, ఇప్పుడు సగం నిజం. డిజిటల్ వాల్యూమ్ అంటే ప్రతి శాంపిల్‌ను (ధ్వని తరంగపు ఒక్కో కొలతను) ఒకటి కంటే చిన్నదైన ఒక అంకెతో గుణించడం. ఒక్కో బిట్ విలువ సుమారు 6 డెసిబెల్‌లు. 16 బిట్ల సంకేతాన్ని 16 బిట్ల దారిలోనే గుణించి, కొసరును కత్తిరించి పంపితే, 24 డెసిబెల్‌లు తగ్గించేసరికి నాలుగు బిట్లు కరిగి 12 మిగులుతాయి. ఆ గరుకుదనం తంబుర నాదం మెల్లగా అణగిపోయే చోట చెవికి తగులుతుంది. పాత సౌండ్ కార్డులకు, చౌక ప్లేయర్లకు చెడ్డ పేరు వచ్చింది ఇందువల్లనే.

నేటి డాక్‌లలో గుణకారం 24 లేదా 32 బిట్లలో జరుగుతుంది. ఈఎస్‌ఎస్ సంస్థ సేబర్ చిప్‌లలో వాల్యూమ్ 32 బిట్లది. సీడీలోని 16 బిట్లను 24 బిట్ల దారిలో పెడితే కింద ఎనిమిది బిట్ల ఖాళీ ఉంటుంది. అంటే 48 డెసిబెల్‌లు తగ్గించేదాకా అసలు సంకేతంలోని ఒక్క బిట్ కూడా అంచు దాటి కింద పడదు. మనం పైన వేసిన లెక్కలో రాత్రివేళకైనా మైనస్ 35 దగ్గరే ఆగాం. కాబట్టి బిట్లు పోవడం గురించి బెంగ పడనక్కర్లేదు. చూసుకోవలసిందల్లా కంప్యూటర్ సెట్టింగులలో ఔట్‌పుట్ 16 బిట్లకు కట్టేసి ఉన్నదా, 24కు మార్చారా అన్నదే.

మిగిలిన సగం నిజం వేరే చోట ఉంది. డాక్ లోపలి అనలాగ్ భాగానికి తనదైన స్వల్పమైన రొద ఉంటుంది. డిజిటల్‌గా వాల్యూమ్ తగ్గించినప్పుడు సంగీతం తగ్గుతుంది గాని ఆ రొద తగ్గదు. అది ఉన్న చోటే ఉండి, పవర్ ఆంప్‌లో 28 రెట్లు పెరిగి, నేరుగా స్పీకరుకు చేరుతుంది. అది వినబడేంత ఉన్నదా లేదా అన్నది మళ్లీ లెక్కే. 2 వోల్టులకు 110 డెసిబెల్‌ల సంకేత-రొద నిష్పత్తి ఉన్న డాక్‌లో రొద సుమారు 6 మైక్రోవోల్టులు. ఆంప్ దాటాక అది 178 మైక్రోవోల్టులవుతుంది. 87 డెసిబెల్‌ల స్పీకరు దానిని 1 మీటరు దూరంలో సుమారు 3 డెసిబెల్‌ల ధ్వనిగా మారుస్తుంది. ఎంత నిశ్శబ్దమైన ఇంట్లోనైనా అది మనిషి చెవికి అందదు. అదే నిష్పత్తి 96 డెసిబెల్‌లే ఉన్న నాసిరకం డాక్ అయితే ఆ రొద 17 డెసిబెల్‌లకు చేరుతుంది. ట్వీటరుకు (తార స్థాయి ధ్వనులు పలికే చిన్న స్పీకరుకు) చెవి ఆనించి వింటే సన్నగా ‘సర్’ మంటుంది, సోఫాలో కూర్చుంటే వినిపించదు. 100 డెసిబెల్‌ల సున్నితత్వమున్న హార్న్ స్పీకర్లకు ఆ నాసిరకం డాక్‌నే కలిపితే మాత్రం 30 డెసిబెల్‌లు వస్తుంది. తెల్లవారుజామున, వీధి ఇంకా లేవకముందు, అది స్పష్టంగా వినబడుతుంది.

మన ఊళ్లలో గది నిశ్శబ్దం ఎంతో కూడా చూసుకోవాలి గదా. ఏప్రిల్, మే నెలల్లో సీలింగ్ ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుండగా హాలులో ధ్వని 40 డెసిబెల్‌లకు దిగడం కష్టం. బైరాగిపట్టెడలోనో కొర్లగుంటలోనో రోడ్డు వైపు కిటికీలున్న ఇల్లయితే ఆటోలు, బస్సుల హారన్లు అదనం. ఇక తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే రోజుల్లో మైకుసెట్ల ముందు ఏ డాక్ రొదనైనా వెతికి పట్టుకోగలిగినవాడు ధన్యుడు. ఇంత చెప్పినా ఏసీ గది కట్టుకుని, తలుపులకు రబ్బరు పట్టీలు వేసుకుని, అర్ధరాత్రి వినేవారు కొందరుంటారు. వారికి 110 డెసిబెల్‌లకు తగ్గని డాక్ తప్పనిసరి. 120 ఉంటే ఇంకా నయం.

మరొక అపవాదు ‘డిజిటల్‌లో తగ్గిస్తే బాస్ పోతుంది’ అన్నది. ఇది డాక్ చేసేది కాదు, చెవి చేసేది. ధ్వని తగ్గేకొద్దీ మంద్ర ధ్వనులు మనకు మరింత తక్కువగా వినబడతాయని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1933లోనే కొలిచి చూపారు. నాదస్వర కచేరీలో డోలు దెబ్బ పగటి స్థాయిలో ఛాతీకి తగిలి, రాత్రి స్థాయిలో అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపిస్తే కారణం అదే. అనలాగ్ వాల్యూమ్‌తో అంతే తగ్గించినా అంతే జరుగుతుంది. పాత ఆంప్లిఫయర్ల మీద ‘లౌడ్‌నెస్’ అనే మీట ఉండేది ఈ లోటు పూడ్చడానికే. రాత్రిపూట ఎక్కువగా వినేవారు డిజిటల్, అనలాగ్ భేదం కంటే ఆ మీట గాని, బాస్ సవరణ గాని ఉన్నదా అన్నది చూసుకుంటే మేలు.

డిజిటల్ వాల్యూమ్‌కు ఒక చిన్న లాభం కూడా ఉంది. ఈ మధ్య చాలా సినిమా పాటలను గరిష్ఠ స్థాయికి నొక్కి మాస్టరింగ్ చేస్తున్నారు. అటువంటి పాటల్లో రెండు శాంపిళ్ల నడుమ తరంగం గరిష్ఠాన్ని దాటిపోయి, డాక్ లోపలి ఫిల్టరులో చీలిపోయే అవకాశముంటుంది. గుణకారం ఫిల్టరుకు ముందే జరిగే డాక్‌లలో మూడు నాలుగు డెసిబెల్‌లు ముందే తగ్గించి పంపితే ఈ చీలిక తప్పుతుంది. డీఎస్‌డీ ఫైళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అది సెకనుకు 28 లక్షల పైచిలుకు సార్లు నమోదయ్యే ఒక బిట్ సంకేతం గనుక, దానిని మరో రూపంలోకి మార్చకుండా గుణించడం కుదరదు. కొన్ని డాక్‌లు ఆ మార్పిడి చేయకుండా వాల్యూమ్‌ను వదిలేసి పూర్తి స్థాయిలో వదులుతాయి.

అసలు భయం నాణ్యత గురించి కాదు

డాక్‌ను నేరుగా పవర్ ఆంప్‌కు కలిపేవారు భయపడవలసిన విషయం ఒకటే: ఒక్కసారిగా పూర్తి వాల్యూమ్ వచ్చిపడడం. కంప్యూటర్‌లోని ప్లేయర్, డాక్‌ను పూర్తిగా తన చేతిలోకి తీసుకునే ‘ఎక్స్‌క్లూజివ్’ పద్ధతికి మారితే విండోస్ వాల్యూమ్ పట్టీ పనిచేయదు. ఫోన్‌లోని యాప్ నవీకరణ తరువాత పాత సెట్టింగ్ మరచిపోవచ్చు. మైనస్ 20 దగ్గర వింటున్న సంగీతం ఉన్నట్టుండి సున్నా దగ్గరకు, అంటే పూర్తి స్థాయికి, వస్తే ఆంప్ మీద పడే శక్తి నూరు రెట్లు. ట్వీటరు తీగ మాడిపోవడానికి కొన్ని క్షణాలు చాలు. ట్వీటర్ దొరకడం, దానికి జోడు కుదరడం మన ప్రాంతంలో అంత తేలిక కాదు.

కరెంటు పోయి వచ్చే ఊళ్లలో దీనికి మరో కోణం ఉంది. కొన్ని డాక్‌లు కరెంటు వచ్చాక వెనకటి వాల్యూమ్ దగ్గరే మేలుకుంటాయి, కొన్ని తక్కువ స్థాయికి దిగి మేలుకుంటాయి, మరికొన్ని స్థిర ఔట్‌పుట్ పద్ధతికి, అంటే పూర్తి స్థాయికి, వెళ్లిపోతాయి. కొనే ముందు దీనిని అడిగి తెలుసుకోవాలి. కొన్నాక పరీక్షించి చూడాలి. పద్ధతి ఇది: పవర్ ఆంప్ కేబుళ్లు తీసివేసి, డాక్‌ను మైనస్ 40 దగ్గర పెట్టి, పాట నడుస్తుండగానే ప్లగ్ పీకండి. కొంతసేపు ఆగి మళ్లీ పెట్టి, తెర మీద అంకె ఏం చూపిస్తున్నదో చూడండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, మెయిన్ స్విచ్ దించి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో డాక్ ఆగి మళ్లీ మొదలవుతుందేమో కూడా గమనించండి. ఈ పరీక్షలలో అంకె ఒక్కసారి సున్నాకు వెళ్లినా, ఆ డాక్‌ను మధ్యలో మరో వాల్యూమ్ లేకుండా పవర్ ఆంప్‌కు కలపవద్దు. ఇక్కడ కూడా 10 లేదా 20 డెసిబెల్‌ల అటెన్యుయేటర్ మంచి రక్షణ. జరగకూడనిది జరిగినా దాని తీవ్రత బాగా తగ్గుతుంది.

ఇంట్లో ఇతరులు కూడా వాడే సిస్టమ్ అయితే మధ్యలో మరో వాల్యూమ్ ఉండాలన్న వాదన మరింత బలపడుతుంది. అమ్మకో నాన్నకో ‘యాప్ తెరిచి, డాక్‌ను ఎంచుకుని, పట్టీ జరపండి’ అని చెప్పడం కంటే, చేతికి అందే గుండ్రని మీట ఒకటి చూపించడం తేలిక. ప్రీఆంప్ కొనడానికి ఇది చాలా గౌరవప్రదమైన కారణమని నా అభిప్రాయం; శబ్ద నాణ్యత గురించి చెప్పే అనేక కారణాల కంటే నిజాయితీ కలది కూడా.

అనలాగ్ వాల్యూమ్‌లో రకాలు

ప్రీఆంప్ అనగానే అందులోని వాల్యూమ్ నిర్దోషమని అనుకోకూడదు. చౌక యంత్రాలలో ఉండేది మామూలు పాట్: కార్బన్ పూత మీద లోహపు నాలుక జారుతుంటుంది. రెండు చానళ్లకు రెండు పూతలు. అవి మీట మొదట్లో ఒకే విలువ దగ్గర ఉండవు. మీటను ఏడు గంటల స్థానం నుంచి మెల్లగా తిప్పితే, గాయకుని గొంతు మొదట ఎడమ స్పీకరులో పలికి, ఎనిమిది దాటాక మధ్యకు వచ్చి నిలుస్తుంది. గెయిన్ మితిమీరిన ఇంట్లో రోజూ వినేది సరిగ్గా ఆ ఏడు ఎనిమిది గంటల నడుమనే గనుక, ఈ లోపం నిత్యం వెంటాడుతుంది. దుమ్ము చేరితే తిప్పినప్పుడల్లా ‘గరగర’ మంటుంది. రోడ్డు పక్క ఇళ్లలో ఇది త్వరగానే మొదలవుతుంది. ఆల్ప్స్ సంస్థ ఆర్‌కే27 వంటి మంచి పాట్‌లలో రెండు లోపాలూ తక్కువ గాని బొత్తిగా లేకపోవు. మన జిల్లాల్లో మెకానిక్‌లు కట్టిచ్చే ఆంప్లిఫయర్లలో 4558 ఐసీతో వచ్చే బాస్-ట్రెబుల్ బోర్డును ప్రీఆంప్‌గా వాడేవారు ఉన్నారు. దాని గెయిన్, దాని రొద రెండూ మంచి డాక్‌ను కిందికి లాగేవే. డాక్ మీద వేలు ఖర్చు పెట్టి, దాని తరువాత ఆ బోర్డు పెట్టడంలో అర్థం లేదు.

పాట్ కంటే మెరుగైనవి చిప్ వాల్యూములు. పీజీఏ2311, సీఎస్3310 వంటి చిప్‌లు అర డెసిబెల్ మెట్లతో తగ్గిస్తాయి. చానళ్ల మధ్య తేడా దాదాపు ఉండదు, రిమోట్‌తో నడుస్తాయి, దుమ్ముకు లొంగవు. ఇంకా పైమెట్టు రిలేలతో (విద్యుత్తుతో కదిలే చిన్న స్విచ్చులతో) నిరోధకాలను మార్చే అమరిక. ఆరు రిలేలతో 1 డెసిబెల్ చొప్పున 64 మెట్లు వస్తాయి. మీట తిప్పినప్పుడు లోపల ‘టకటక’ మని వినబడుతుంది. కొందరికి అది ముచ్చట, కొందరికి చిరాకు.

ఇక కరెంటు అక్కర్లేని పాసివ్ ప్రీఆంప్. పెట్టెలో ఒక పాట్, ఏ సాధనం వినాలో ఎంచుకునే ఒక సెలెక్టర్, అంతే. ఏదీ పెంచదు గనుక తనంతట తాను దాదాపు రొద చేర్చదు. కాని దాని ఔట్‌పుట్ బలహీనం. 10 కిలోఓమ్‌ల పాట్ అయితే అది గరిష్ఠంగా 2.5 కిలోఓమ్‌ల అవరోధంతో పవర్ ఆంప్‌ను చూస్తుంది. 50 కిలోఓమ్‌లదైతే 12.5, 100 కిలోఓమ్‌లదైతే 25. మీటరుకు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉన్న కేబుల్ 5 మీటర్లు వేశారనుకోండి. 50 కిలోఓమ్‌ల పాట్‌తో 25 కిలోహెర్ట్జ్ దగ్గర, 100 కిలోఓమ్‌ల పాట్‌తో 12.7 కిలోహెర్ట్జ్ దగ్గర ధ్వని 3 డెసిబెల్‌లు పడిపోతుంది. రెండోది వినబడే తేడా. తాళాల మెరుపు, వయొలిన్ కమాను ఒరిపిడి మసకబారతాయి. అందుచేత పాసివ్ కావాలనుకునేవారు 10 కిలోఓమ్‌లది తీసుకుని, కేబుల్‌ను మీటరు, మీటరున్నరకు మించనీయకూడదు.

కరెంటుతో నడిచే యాక్టివ్ ప్రీఆంప్ ఈ బలహీనతను తీరుస్తుంది. పవర్ ఆంప్‌ను స్పీకర్ల పక్కన, మిగతా సామానును గదికి అవతలి గోడన పెట్టుకునేవారికి అది ఉపయోగమే. అయితే ప్రకటనలలో కనబడని సంగతి ఒకటుంది. చాలా ప్రీఆంప్‌లలో వాల్యూమ్ ముందు, గెయిన్ దశ దాని తరువాత ఉంటాయి. కాబట్టి మీట కనిష్ఠంలో ఉన్నా, తరువాతి దశ రొద అలాగే పవర్ ఆంప్‌కు వెళుతుంది. డాక్ గురించి మనం చెప్పుకున్న ఫిర్యాదే ఇది. ఆ దశ లోపలి రొద 3 మైక్రోవోల్టులు, గెయిన్ 12 డెసిబెల్‌లు, అంటే 4 రెట్లు అనుకుంటే, బయటికి వచ్చేది 12 మైక్రోవోల్టులు. నేరుగా కలిపిన డాక్ రొద 6 అని పైన చూశాం. అంటే రొద తగ్గించుకుందామని తెచ్చిన ప్రీఆంప్ దానిని రెట్టింపు చేసినట్టు. అందుకే ప్రీఆంప్ వివరాలు చదివేటప్పుడు పూర్తి స్థాయికి చెప్పిన సంకేత-రొద నిష్పత్తిని కాక, వాల్యూమ్ కనిష్ఠంలో ఉన్నప్పుడు మిగిలే రొద ఎన్ని మైక్రోవోల్టులన్నది వెతకండి. గెయిన్ సున్నా డెసిబెల్‌లకు, అంటే సంకేతాన్ని పెంచకుండా ఉన్నదున్నట్టు పంపేలా, మార్చుకునే వీలున్న ప్రీఆంప్ డాక్‌తో వాడుకోవడానికి ఎప్పుడూ మేలు.

ఎవరికి ఏది

వినేదంతా స్ట్రీమింగ్, ఫైళ్లు, సీడీలే అయి, డాక్ 110 డెసిబెల్‌ల పైమాటే అయి, కరెంటు పరీక్షలో అది నెగ్గితే, ప్రీఆంప్ కొనవద్దని చెబుతాను. ఆ డబ్బుతో స్పీకర్లను ఒక మెట్టు పైకి మార్చుకోవచ్చు, లేదా హాలులో గచ్చు మీద మందపాటి తివాచీ, వెనుక గోడకు పుస్తకాల అలమార ఏర్పాటు చేసుకోవచ్చు. గ్రానైటు నేల, ఖాళీ గోడలతో మోగిపోయే హాలులో ఆ మార్పు తెచ్చే తేడా ఏ ప్రీఆంప్ తేలేదు. మహతి ఆడిటోరియంలో కచేరీ విని ఇంటికి వచ్చి తమ సిస్టమ్ పెట్టుకునేవారికి ముందుగా తగిలేది గది లోపమే.

రికార్డు ప్లేయర్ ఉన్నవారికి ఫోనో స్టేజ్ (కాట్రిడ్జ్ సంకేతాన్ని పెంచి, ఆర్‌ఐఏఏ సవరణ చేసే భాగం) తప్పదు. దానితో పాటు డాక్, టీవీ కూడా కలపాలంటే సెలెక్టర్ కావాలి. అప్పుడు ఫోనో సహితమైన యాక్టివ్ ప్రీఆంప్ సరైన ఎంపిక. హార్న్ స్పీకర్లవారు ముందు అటెన్యుయేటర్ పెట్టి చూసి, అప్పటికీ రొద వినబడితేనే రిలే వాల్యూమ్ ఉన్న, సున్నా గెయిన్ ప్రీఆంప్ వైపు చూడాలి. పవర్ ఆంప్ లోపలే ఉన్న యాక్టివ్ స్పీకర్లకు వెనుకవైపు లెవెల్ మీట ఉంటుంది. దానిని తగ్గించి, డాక్ వాల్యూమ్‌ను మైనస్ 15 ప్రాంతంలో వాడుకునేలా సరిచేసుకుంటే సరిపోతుంది.

పవర్ ఆంప్ ఇంకా కొననివారికి మాత్రం నా సలహా వేరు. ప్రీఆంప్, పవర్ ఆంప్ కలిసి ఉన్న మంచి ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ తీసుకోండి. సెలెక్టర్, వాల్యూమ్, గెయిన్ పొంతన, చాలా మోడళ్లలో ఫోనో కూడా ఒకే పెట్టెలో, ఒకే ప్లగ్‌తో, ఒకరి బాధ్యత మీద వస్తాయి. అప్పుడు డాక్‌ను స్థిర ఔట్‌పుట్‌కో, మైనస్ 3కో పెట్టి మరచిపోవచ్చు.

పాత ప్రీఆంప్ సెకండ్ హ్యాండ్‌లో కొనదలచినవారు అమ్మేవారి ఇంటికి హెడ్‌ఫోన్లతో గాని, ఒక చిన్న ఆంప్‌తో గాని వెళ్లాలి. మీటను అడుగు నుంచి చివరి దాకా రెండుసార్లు నెమ్మదిగా తిప్పి గరగర వినండి. తక్కువ స్థాయిలో మోనో పాట పెట్టి గొంతు మధ్యన ఉన్నదో లేదో చూడండి. సెలెక్టర్‌ను ఖాళీ ఇన్‌పుట్‌కు మార్చి, వాల్యూమ్ పెంచి హమ్ (‘గుయ్’ మనే మోత) వస్తుందేమో గమనించండి. ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న దానిలో కెపాసిటర్లు మార్చవలసి రావచ్చు. మెకానిక్ ఖర్చు బేరంలోనే కలుపుకోవాలి. జపాన్ నుంచి దిగుమతి అయిన సామానైతే వెనుక పలకను టార్చ్ వేసి చదవండి. దాని మీద 100 వోల్టులని ఉంటే, తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చేతికి వచ్చేదాకా ప్లగ్ పెట్టనీయకండి.